తలపాగతో పోయిన గండము

మన పెద్దలు తఱచుగా వాడు సామెతలలో "తలకు వచ్చినది తలపాగతో పోయెను" అనునది యొకటి. దూలము విరిగి మంచము ప్రక్కన పడినప్పుడును, బండి బోల్తాపడియు నెవరికిని దెబ్బ తగులనప్పుడును ఈ మాట యని నిట్టూర్పు విడుతురు. ఇలవేల్పునకు కొబ్బరికాయ కొట్టుదురు. పిల్లలకు దిష్టి తీయుదురు. ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరించి పోవుదురు. అంతటితో నా ప్రసంగము ముగియును. దూలమునకు చెద యెప్పుడు పట్టెను, తక్కిన దూలము లెట్లున్నవి, ప్రక్కయింటి కప్పుకూడ నా కలపతోనే వేయబడినదా యని విచారించువారు మిక్కిలి యరుదు. తల దక్కినదను సంతోషములో, తల యేల చిక్కున పడెనో యను ప్రశ్న మఱుగునపడిపోవును.

సామెతను నిందించుట నా యుద్దేశము కాదు. గండము తప్పినవానికి ఊరట కావలసినదే. అయితే ఊరటయే విచారణకు బదులుగా నిలిచినచో కలుగు నష్ట మెట్టిదో, కర్మాగారములయందును, గనులయందును, విమానములయందును, వైద్యశాలలయందును పనిచేయువారి యనుభవము మనకు తెలుపుచున్నది. గత నూఱేండ్లలో నీ విషయమై పాశ్చాత్యదేశములందొక శాస్త్రమే పుట్టి పెరిగినది. ఘోరమైన యాపద సంభవించుటకు ముందు దానికి ముంగుర్తులైన చిన్న యాపద లెన్ని జరిగినవి, వానిని కన్నవా రెవరు, కన్నవా రేల చెప్పలేదు, చెప్పినచో విన్నవా రేమి చేసిరి యనునవి యా శాస్త్రమున ముఖ్యప్రశ్నలు. ఇది యింజనీర్లు చూచుకొనవలసిన సంగతి యని కొందఱు తలంపవచ్చును. నా కట్లు తోచదు. తన చేతి పొరపాటువలన గండము వచ్చి తప్పినవాడు నోరు మెదపక యూరకుండుట దోషమా? దోషమైనచో నది వానిదా, వాని నోరు మూయించినవానిదా? ఈ ప్రశ్న యంత్రములకు సంబంధించినది కాదు, ధర్మమునకు సంబంధించినది.

మొదట మాటను పరిశీలింతము. మనము వాడు ప్రమాదశబ్దమునకు సంస్కృతమున ఏమఱుపాటు, అజాగ్రత్త యని యర్థము. భగవద్గీత నిద్రాలస్యములతోపాటు ప్రమాదమును తమోగుణముతో ముడిపెట్టినది. బౌద్ధుల ధమ్మపదమున రెండవ వర్గమునకు అప్రమాదమనియే పేరు. అనగా ప్రమాదము మొదట మనుష్యుని మనస్సునందలి లోపము. తెలుగున నది ఆ లోపమువలన వచ్చు నాపదకును, పిమ్మట నెట్లు వచ్చినను వచ్చిన యాపద కెల్లను పేరయ్యెను. బాయిలరు ప్రేలినను ప్రమాదమే. రైలు పట్టా తప్పినను ప్రమాదమే. ఆపద వచ్చినదనగా నెవడో యేమఱియుండెనను నింద యా మాట లోపల నింకను దాగియే యున్నది. ఇంగ్లీషువారి యాక్సిడెంటు శబ్దమునకు లాటినుభాషలో మీదపడుట యని మూలార్థము. అందు నింద లేదు, విధి కలదు. ఒక మాట ఎవనినో యొకని పట్టుకొమ్మనును. మఱియొక మాట ఎవనిని పట్టుకొనవలదనును. మనవారు రెంటిని గూడ చక్కగా వాడుకొందురు. మొదట నేమఱినవానిని వెదకుదురు. వాడు దొరకనిచో తలవ్రాత యని చేతులు కడుగుకొందురు. వాడు దొరకినను దొరకకపోయినను విచారణ మాత్రము సాగదు.

ఈ దుర్గుణము మనకే పరిమితమని యనుకొనరాదు. అమెరికాలో నొక ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసిన హెర్బర్టు హైన్‌రిక్ అనునతడు 1931లో పారిశ్రామిక ప్రమాదముల నివారణమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఒక పెద్ద గాయమునకు వెనుక 29 చిన్నగాయములును, గాయమే లేక గడచిపోయిన 300 గండములును ఉండునని యతడు లెక్క వేసెను. ఆ లెక్కకు మూలమైన కాగితములు తరువాతి పరిశోధకులకు లభింపలేదు. అన్ని పనులకును ఒకే నిష్పత్తి చెల్లునని యిప్పుడు తెలిసినవారు నమ్మరు. అయినను, గాయపడినవానిని మాత్రమే కాక తలపాగతో పోయిన గండములను గూడ లెక్కింపవలెనను తలంపు నిలిచినది. అది యతడు చేసిన మేలు. అతడే మఱియొక మాట చెప్పెను: నూటికి 88 ప్రమాదములకు కారణము పనివాండ్ర అజాగ్రత్తయే యట! ఈ లెక్క యెక్కడనుండి వచ్చెను? చాలవఱకు పై యధికారులు వ్రాసిన నివేదికలనుండియు, ఇన్సూరెన్సు దస్త్రములనుండియు. యంత్రమునకు కంచె వేయింపవలసినవాడే కలము పట్టి కారణము వ్రాయునపుడు, "నేను కంచె వేయింపనైతిని" అని వ్రాయునా, "కూలివాడు చేయి పెట్టెను" అని వ్రాయునా? చదువరులే చెప్పవచ్చును. ఆ యెనుబదియెనిమిది పెక్కేండ్లు వేదవాక్యమువలె చెల్లెను.

గండమును చెప్పుట, చెప్పకపోవుట యనువానికి నడుమ నెన్ని ప్రాణములుండునో చూపుట కొక సంగతి చెప్పెదను. 1974 డిసెంబరు 1వ తేదీన అమెరికారాజధానియైన వాషింగ్టను సమీపమున దిగవలసిన టి. డబ్ల్యు. ఏ. కంపెనీ విమాన మొకటి, వర్జీనియారాష్ట్రమున మౌంట్ వెదర్ అను కొండను ఢీకొనెను. అందున్న 92 మందియు మరణించిరి. భూమిపైనుండి దారి చెప్పు నుద్యోగి దిగుటకు అనుమతి యిచ్చినప్పుడు, ఇక నెత్తు తగ్గించినను భయము లేదని విమానచోదకులు గ్రహించిరి. ఎంత యెత్తున నుండవలెనో చోదకులే చూచుకొందురని యా యుద్యోగి తలంచెను. ఒకే మాట కిరువురు రెండర్థములు చెప్పుకొనిరి. నడుమ కొండ నిలిచెను.

విచారణలో నింతకంటె నాశ్చర్యకరమైన సంగతి బయటపడెను. ఆఱువారములకు ముందు యునైటెడ్ కంపెనీవారి విమానము అదే చోట, అదే మాటను, అట్లే యపార్థము చేసికొని, ఆ కొండనే కొద్దిలో తప్పించుకొని బయటపడెను. ఆ చోదకులు దాచలేదు. తమ కంపెనీకి చెప్పిరి. కంపెనీవారు తమ చోదకులను హెచ్చరించిరి. కాని ప్రక్కకంపెనీవారి కా సంగతి చేరవేయు త్రోవ యేదియు లేకపోయెను. తమ యింటి దూలమును మార్చుకొనిరి. ప్రక్కయింటి దూల మట్లే యుండెను. ఇందు దుర్మార్గు డెవడును లేడు. అబద్ధమాడినవాడును లేడు. తెలిసిన సంగతి తెలియవలసినవారికి చేరలేదు, అంతే.

ఆ దేశపు విమానశాఖవారు 1975లో, పొరపాట్లను చెప్పుకొన్నవారిని శిక్షింపమని ప్రకటించి నివేదనలను కోరిరి. చోదకులు నమ్మలేదు. లైసెన్సు తీసివేయు చేతికే తమ తప్పు వ్రాసిన కాగితము నెవ డిచ్చును? శాఖవా రీ చిక్కును తెలిసికొని, 1976లో నా పనిని అంతరిక్షపరిశోధన చేయు నాసాసంస్థ కప్పగించిరి. నాసాకు చోదకులను శిక్షించు నధికారము లేదు. వచ్చిన కాగితమునుండి వ్రాసినవాని పేరును, గుర్తులను తొలగించి, మిగిలిన సంగతిని మాత్రమే యది యందఱికి తెలుపును. పొరపాటు బుద్ధిపూర్వకము కానిచో, నేరముగాని, నిజమైన దుర్ఘటనగాని కానిచో, పది దినములలోపల వ్రాసి పంపినవానికి నియమోల్లంఘన ఋజువైనను శిక్ష విధింపరు. అతడు గత యైదేండ్లలో నట్టి తప్పు చేసియుండరాదను కట్టడి కలదు. నాటినుండి యిప్పటివఱకు 20 లక్షలకు పైగా నివేదనలు చేరినవి. చెప్పుకొనుటకు జనులు సిద్ధముగానే యున్నారు. వినువాని చేతిలో బెత్తము లేకుండవలెను.

మన ధర్మశాస్త్రముల కీ యూహ బొత్తిగా క్రొత్త కాదు. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున ప్రాయశ్చిత్తప్రకరణమునందు, చేసిన పాపమును తానే బయటపెట్టుట ఖ్యాపనమను పేరుతో, పశ్చాత్తాపము, తపస్సు, అధ్యయనము మొదలగువానితోపాటు విమోచనమార్గములలో నొకటిగా చెప్పబడినది. మనువు చెప్పిన మాటల నన్నిటిని తల దాల్చువాడను నేను కాను. ఈ పత్రిక చదువరులలోను అట్టివారు పెక్కండ్రుండరు. అయినను మంచిమాట ఎవరిదైనను తీసికొనవలసినదే. చెప్పుకొన్నవానికి కొంత విడుదల కలుగుట న్యాయమని యా ప్రాచీనులకు తోచినది.

కాని యిక్కడ నొక భేదమున్నది. అది చిన్నది కాదు. మనువు దృష్టి పాపిమీద నున్నది: వాని పాప మెట్లు తొలగును, వాని పరలోక మెట్లు చక్కబడును. విమానచోదకుని ఖ్యాపన మట్టిది కాదు. రేపు ఆ దారినే రాబోవు ముక్కుమొగ మెఱుగని వారి ప్రాణములకొఱకు అతడు కాగితము వ్రాయుచున్నాడు. వ్రాసినవాని యాత్మ శుద్ధి యయ్యెనా లేదా యని నాసావారు విచారింపరు. వారికి కావలసినది కొండ యెక్కడ నున్నదో, మాట యెక్కడ పొరపడినదో యనునది. ఊరి దిగుడుబావిలో నొక మెట్టు కదలుచున్నదనుకొందము. వేకువజామున నొకతె జాఱిపడి, కడవ పగిలినను ప్రాణముతో పైకి వచ్చినది. కడవ పగిలినందుకు అత్తగారు కోపింతురని యామె యింట చెప్పలేదు; బావిగట్టునను చెప్పలేదు. పగిలిన కడవ యామెది. దానిని దాచుకొను హక్కు కొంతవఱ కుండవచ్చును. కాని మెట్టు కదలుచున్నదను సంగతి యామె సొత్తు కాదు. అది రెండవ కడవతో వచ్చుచున్న యామెకు చెందినది. ఇంత స్పష్టమైన ఋణమును ఆ కోడలేల తీర్చలేదని యడిగినచో, కారణము కడవలో లేదు, మెట్టులో లేదు. అత్తగారి నోటిలో నున్నది.

ఇచ్చట పెద్దమనుష్యు లొక యాక్షేపణ చేయుదురు. పొరపాటు చేసినవాని నెల్ల క్షమించుచు పోయినచో అజాగ్రత్త పెరుగదా? భయము లేనిదే భక్తి యుండదు గదా! ఈ యాక్షేపణలో బలము లేకపోలేదు. కావున కొంచెము నిలిచి చూడవలెను. దండన మేమి చేయగలదు? మనుష్యుడు ఎంచుకొని చేయు పనినుండి వానిని మరలింపగలదు. దొంగ దొంగతనమును ఎంచుకొనును. లంచగొండి లంచమును ఎంచుకొనును. వారి విషయమున దండభయము పనిచేయును. రాత్రి మూడుగంటలవేళ, పండ్రెండవ గంట పనిలో, ఒకే రంగు పూసిన రెండు వాల్వులలో నొకదానికి బదులు మఱియొకదానిని త్రిప్పినవాడు దేనిని ఎంచుకొనెను? జేమ్సు రీజన్ అను ఆంగ్లేయ మనశ్శాస్త్రవేత్త 1990లో మానవుల పొరపాట్లను గూర్చి వ్రాసిన గ్రంథమున, బాగుగ నలవాటుపడిన చేతికే యిట్టి జాఱుపాట్లు కలుగునని చూపెను. పని క్రొత్తయైనవాడు ప్రతి చేష్టను చూచుకొని చేయును. ఆఱితేరినవాని చేయి తనంత తా నడచుచుండును. ఇట్టి జాఱుపాటును బెదరించి యాపుట, నిద్రపోవువానిని నిద్రలో తుమ్మవలదని శాసించుటవంటిది.

పొరపాటు ఇచ్ఛచేత జరుగదు; దానిని చెప్పుట మాత్రము ఇచ్ఛచేతనే జరుగును. కావున దండభయము మొదటిదానిని తాకలేదు. రెండవదానిని మాత్రము ఆపగలదు, ఆపుచునే యున్నది. యజమాని జీతము కోసినకొలది కర్మాగారమున తప్పులు తగ్గినట్లు పుస్తకమున కనబడును. తగ్గినవి తప్పులు కావు, మాటలు.

ఇది కేవలతర్కము కాదు. ఏమీ ఎడ్మండ్‌సన్ అను అమెరికా విదుషి రెండు వైద్యశాలలలోని ఎనిమిది నర్సుబృందములను పరిశీలించి, రోగుల కిచ్చు మందుల విషయమున జరుగు పొరపాట్లను గూర్చి 1996లో నొక వ్యాసము ప్రకటించెను. మంచి నాయకత్వమును, తమలో తమకు పొందికయు కల బృందములయందు పొరపాట్లు తక్కువగ నుండునని యామె మొదట తలంచెను. లెక్క తీసి చూడగా తలక్రిందులయ్యెను: మంచి బృందములయందే ఎక్కువ పొరపాట్లు నమోదయి యుండెను. మంచివారే యెక్కువ తప్పులు చేయుదురా? ఆమె యాలోచించి, విషయము నెఱుగని వేఱొక పరిశీలకుని చేత విచారణ చేయించి, తుదకు తెలిసికొనిన దేమనగా, ఆ బృందములయందు పెద్దనర్సును చూచి తక్కినవారు భయపడరు, కావున చెప్పుకొందురు. భయపడు బృందములయందు పుస్తకము శుభ్రముగ నుండును.

ఉపాధ్యాయులకు దీనిలో క్రొత్త యేమియు లేదు. లెక్క తప్పినవానిని కొట్టు బడిలో పిల్లలందఱి పలకలమీద జవాబులు సరిగానే యుండును; అవి ప్రక్కవాని పలకనుండి వచ్చినవి. ఎవని కేది తెలియదో తెలిసికొనుటకే బడి పెట్టినారని మఱచినచో, బెత్త మొక్కటియే చదువుకొన్నట్లు కనబడును.

దండనము నోరు మూయించునని యొప్పుకొన్నవారు సైతము బహుమానమును గూర్చి యంతగా నాలోచింపరు. ఇన్ని దినములు గాయము లేకుండ గడచెనని బోర్డు వ్రాసి, అందఱికి విందో, చొక్కాగుడ్డయో యిచ్చు కర్మాగారము లెన్నో కలవు. ఉద్దేశము మంచిదే. అయితే నలువది మందికి రావలసిన బహుమాన మొకని నలిగిన వ్రేలివలన పోవునపుడు, ఆ వ్రేలు జేబులోనికి పోవును. టెక్సాసురాష్ట్రమున టెక్సస్ సిటీయందలి చమురుశుద్ధి కర్మాగారమున 2005 మార్చి 23వ తేదీన ప్రేలుడు కలిగి 15 మంది మరణించిరి. 180 మంది గాయపడిరి. పనిలో గాయములు లేకుండ గడచినందుకు జరిగిన విందు ముగించుకొని కాంట్రాక్టుపనివారు తమ గదులకు తిరిగివచ్చిన కొలదిసేపటికే యది జరిగినది. ఏ డ్రమ్మునుండి యా దినమున చమురు పొంగి ఆవిరియై ప్రేలినదో, ఆ డ్రమ్మునుండియే 1994కును 2004కును నడుమ ఎనిమిదిసారులు ప్రమాదకరముగ ఆవిరి వెలువడినది. అందు రెండుసారులు నిప్పుకూడ నంటుకొనెను. తలపాగ లెనిమిది పోయినవి. బోర్డుమీద తలలు మాత్రమే లెక్కకు వచ్చినవి. 2010 ఏప్రిలు 20వ తేదీన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను చమురువేదిక ప్రేలి 11 మంది చనిపోయిరి. ఏడేండ్లు గాయము లేక పనిచేసినందుకు ఆ వేదికవారిని అభినందించుటకై పెద్ద యుద్యోగులు సరిగా నా దినముననే యచ్చటికి పోయియుండిరి. కాలు జాఱుట, వ్రేలు నలుగుట లెక్కించు పుస్తకములో, నూతి యడుగున నొత్తిడి పెరుగుచున్నదను సంగతికి గడి లేదు.

ఇంతవఱకు చెప్పినవానికి క్షమ యుండవలెనని వాదించితిని. అయితే యెవనిని శిక్షింపరాదా యని చదువరు లడుగుట న్యాయము. దీనికి సమాధానము నా కొకటియే తోచుచున్నది. గండమును కన్నవాడు నోరు విప్పినంతసేపు భారము వానిది. విప్పిన క్షణమున నా భారము విన్నవాని తలపైకి మారును. మన మింతవఱకు చెప్పినవానిని గూర్చి యాలోచించితిమి; ఇక విన్నవానిని గూర్చి యాలోచింపవలెను. భోపాలు కథ దీనికి ప్రమాణము.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి విషవాయువు వెలువడి నిద్రపోవుచున్న పట్టణముపై వ్యాపించినది. తరువాత 5,000కు పైగా మరణములకు ప్రభుత్వమువారు పరిహార మంగీకరించిరి. అది హఠాత్తుగా వచ్చిన యాపద కాదు. 1981 డిసెంబరులో ఫాస్జీను వాయువు సోకి యొక పనివాడు మరణించెను. 1982లో మఱల వాయువు వెలువడి ఇరువదిమందికి పైగా వైద్యశాలకు పోయిరి. ఆ సంవత్సరము మే నెలలో అమెరికానుండి కంపెనీవారి నిపుణులే వచ్చి పరీక్షించి, లోపములను జాబితా వ్రాసి యిచ్చిరి. కార్మికసంఘమువారు గోడపత్రములు అంటించిరి. రాజ్‌కుమార్ కేశ్వానీ యను పత్రికారచయిత తన చిన్న వారపత్రికలో పట్టణమునకు రాబోవు ముప్పును గూర్చి ఆ యేటనే వ్రాసెను. ఇందఱు చెప్పిరి. విన్నవా రేమి చేసిరి? 1984 జూనునుండి విషద్రవమును చల్లగ నుంచు యంత్రమును ఆపివేసిరి. వెలువడిన వాయువును కాల్చివేయవలసిన గోపురమునకు పోవు గొట్టము తుప్పుపట్టి విప్పివేయబడి యుండెను.

ఆ రాత్రి సంగతిని పత్రికలవారు తరువాత విచారించి ప్రకటించిరి. పదునొకండున్నర గంటల ప్రాంతమున పనివాండ్ర కండ్లు మండసాగినవి. కండ్లు మండుట యా కర్మాగారమున నిత్యము జరుగునదే. చిన్న యొలుకుల నట్లే కనిపెట్టువాడుక. తేనీరు త్రాగిన తరువాత చూతమని యనుకొనిరట. ఈ సంగతి చదివి పనివాండ్రను నిందించుట సులభము. మూడేండ్లుగా మండినప్పుడెల్ల నేమియు జరుగలేదు, చెప్పినప్పుడెల్ల నేమియు జరుగలేదు; మండుట హెచ్చరిక యను నర్థమే యా కండ్లకు పోయినది. డయాన్ వాన్ అను సమాజశాస్త్రవేత్త్రి అమెరికావారి ఛాలెంజరు అంతరిక్షనౌక 1986లో కూలుటకు పూర్వకథను విచారించి, ఇట్టిదానినే కనుగొనెను: తప్పిన గండము మఱల మఱల తప్పినకొలది, అది గండమని కాక, గండము లేదనుటకు సాక్ష్యమని పెద్దలు చదువసాగుదురు. సామెతను తలక్రిందులుగా చదివినట్లు.

భోపాలు విషయమున కంపెనీవారు తరువాత, కోపమున నున్న పనివా డొకడు కావలెనని నీరు పోసెనని వాదించిరి. ఏమఱినవాడు చాలనిచో ద్రోహియైనను దొరకవలెను గదా! న్యాయస్థానములలో నభియోగము మొదట తీవ్రమైన సెక్షనుక్రింద నుండెను. 1996లో సర్వోన్నత న్యాయస్థానమువారు దానిని అజాగ్రత్తవలన మరణము కలిగించు నేరముగ తగ్గించిరి. 2010 జూను 7వ తేదీన ఎనమండుగురు దోషులని భోపాలు న్యాయస్థానము నిర్ణయించెను; అం దొక రప్పటికే మరణించి యుండిరి. శిక్ష రెండేండ్లు. నా మనస్సును కలచునది యేండ్ల సంఖ్య కాదు, నేరమునకు పెట్టిన పేరు. ఏమఱి బండి తోలి మనుష్యుని చంపినవానికిని, మూడేండ్లు హెచ్చరికలను విని చల్లబఱచు యంత్రము నాపించినవానికిని ఒకటే పేరు. మన యింటి ప్రమాదశబ్దము వలెనే శిక్షాస్మృతియు నజాగ్రత్త యొక్కటియే యెఱుగును; విని యూరకుండుట యను వేఱొక దోషమును ఎఱుగదు. చేయి జాఱినవానిదానికంటె నది యెంతయో బరువైనదని నా యభిప్రాయము. చేయి జాఱుటకు క్షణము చాలును. విని యూరకుండుటకు మూడేండ్లు కావలెను. ఆ మూడేండ్లలో ప్రతి యుదయమును మేల్కొని మఱల నూరకుండవలెను.

భోపాలు పాఠము ముప్పదియాఱేండ్లు పుస్తకములలో నుండగా, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున మన విశాఖపట్టణమునందలి ఆర్. ఆర్. వెంకటాపురమున ఎల్. జి. పాలిమర్సువారి ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు పోయినవి. ప్రభుత్వమువారు నియమించిన యున్నతాధికారసంఘము ఆ జూలైలో నివేదిక యిచ్చెను. ట్యాంకును చల్లబఱచు యంత్రము రాత్రివేళ నడువకుండుట, సైరను మ్రోగించు సాధనము లుండియు మ్రోగింపకపోవుట యందు వ్రాయబడినవి. చల్లబఱచు యంత్రము మఱల నాగినది. సైరను మఱల మూగయైనది. ఊరి పేరు మాత్రము మాఱినది.

మన చట్టములు ఈ విషయమున బొత్తిగా గ్రుడ్డివి కావు. 1948 నాటి కర్మాగారముల చట్టము, 48 గంటలు పనిచేయలేని గాయము కలిగినచో తెలుపవలెనని మొదటినుండి కోరినది. 1976లో చేర్చిన సెక్షను, నిర్ణీతములైన యపాయకరసంఘటనలను, ఎవరికిని గాయము కలుగకున్నను, తెలుపవలెనన్నది. అనగా తలపాగను గూడ లెక్కించినది. అయితే తెలుపవలసినది ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరునకు. అభియోగము తెచ్చువాడు నాతడే. అమెరికా చోదకులు 1975లో నేల నమ్మలేదో తెలిసినవారికి, ఆ కాగితము లెన్ని పంపబడియుండునో యూహించుట కష్టము కాదు. భోపాలు తరువాత 1987లో మఱియొక నియమము వచ్చెను: అపాయకరమైన పనులు జరుగు కర్మాగారమున ముప్పు కలదని యనుమానించిన పనివాడు దానిని చెప్పవచ్చును, విన్న యజమాని వెంటనే చక్కబఱుపవలెను, ఇన్‌స్పెక్టరునకు తెలుపవలెను. 2025 నవంబరునుండి యా చట్టమునకు బదులుగ నమలునకు వచ్చిన వృత్తిభద్రతాసంహితలోను ఇట్టి నియమము కలదు. వినువాని ధర్మమును చట్టమే వ్రాసి పెట్టినదన్నమాట. చెప్పువాడు కాంట్రాక్టుకూలి యైనచో, రేపు పనికి రావలదను నొక్కమాటతో నా సెక్ష నంతయు చెఱిగిపోవును. దానిని గూర్చి చట్ట మేమియు చెప్పదు.

2025 జూను 30వ తేదీన సంగారెడ్డిజిల్లా పాశమైలారమున నొక మందులపదార్థముల కర్మాగారము ప్రేలి 40 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కండ్రు బీహారు, ఒడిశా మొదలగు రాష్ట్రములనుండి వచ్చిన కూలివారు. మృతులలో నొకరి కుటుంబమువారు పోలీసుల కిచ్చిన ఫిర్యాదులో, యంత్రములు పాతవై యపాయకరముగ నున్నవని యతడు పైవారితో పలుమాఱు చెప్పెననియు, వారు వినలేదనియు ఉన్నట్లు పత్రికలు ప్రకటించినవి. ఇది ఋజువగునో కాదో న్యాయస్థానము తేల్చవలసినది. తేల్చునపుడు, ఏ వాల్వు నెవడు త్రిప్పెను, ఏ యంత్ర మెప్పుడు వేడెక్కెను అని మాత్రమే యడిగి విడువరాదు. అతడు మొదటిసారి యే దినమున చెప్పెను? ఎవరితో చెప్పెను? ఆ విన్నవాడు దానిని మఱియెవరితో చెప్పెను? ఎచ్చటనైనను వ్రాసిరా?